క్వాల్స్ గదిలోకి వెళ్ళబోయే మన పిల్లలకు

భీమవరం, తణుకు, అమలాపురం, కాకినాడ. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళో అడిగినా బయోటెక్నాలజీయో మైక్రోబయాలజీయో చదివి పీహెచ్‌డీకి వెళ్ళిన పిల్లలు ఉంటున్నారు. సీటు వచ్చేదాకా వాళ్ళకి దారి చూపేవాళ్ళకి కొదవలేదు. సీటొచ్చాక, రెండో ఏడాదిలో ఎదురయ్యే గండం గురించి ముందుగా చెప్పేవాళ్ళే దొరకరు. అమెరికాలో దాన్ని క్వాలిఫయింగ్ ఎగ్జామ్ అంటారు, పిల్లల నోట క్వాల్స్. కొన్నిచోట్ల ప్రిలిమ్స్ అనీ, ఇంకొన్నిచోట్ల కాంప్రహెన్సివ్ అనీ పిలుస్తారు. ఆ పరీక్ష నేనూ రాశాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఒక మెడికల్ స్కూల్లో బయోకెమిస్ట్రీ చెబుతూ పరీక్ష పెట్టేవాళ్ళ వైపు కూర్చున్నాను. రిటైరై రాజమండ్రి వచ్చేశాక, సెలవులకి ఇళ్ళకొచ్చిన పిల్లలు ఒకసారి మాక్ పెట్టమంటూ మా ఇంటికి వస్తుంటారు. వాళ్ళకి చెప్పే మాటలే ఇవి.

1. ఇది ఏ రకం పరీక్షో ముందు తెలుసుకోండి.

ఇంటర్ బైపీసీ దగ్గర్నుంచి మనం రాసిన పరీక్షలన్నిటికీ సిలబస్ ఉంది, కీ ఉంది, ర్యాంకు ఉంది. దీనికి ఆ మూడూ లేవు. బయోమెడికల్ పీహెచ్‌డీలో మొదటి ఏడాది క్లాసులుంటాయి. వాటితోపాటే రొటేషన్లు, అంటే రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున పనిచేసి చివరికి ఒక ల్యాబులో కుదురుకోవడం. ఆ తర్వాత క్వాల్స్. ఎక్కువ ప్రోగ్రాముల్లో ఇది రెండు భాగాలు. మొదటిది రాత: మీరు చేయదలుచుకున్న పరిశోధన మీద ప్రపోజల్. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ పీహెచ్‌డీ విద్యార్థులకిచ్చే ఎఫ్31 ఫెలోషిప్ దరఖాస్తు పద్ధతినే చాలామంది వాడుకుంటారు. స్పెసిఫిక్ ఎయిమ్స్, అంటే పరిశోధన లక్ష్యాలు, ఒక పేజీ; రిసెర్చ్ స్ట్రాటజీ ఆరు పేజీలు. రెండోది వైవా: ముగ్గురి నుంచి ఐదుగురు ప్రొఫెసర్ల ముందు రెండు గంటలో అంతకంటే కాస్త ఎక్కువో బోర్డు దగ్గర నిలబడి ఆ ప్రపోజల్‌ని కాపాడుకోవడం. మీ గైడు ఆ గదిలో ఉండకపోవచ్చు. ఉన్నా చాలాచోట్ల ఆయన నోరు విప్పడానికి వీల్లేదు. కొన్ని ప్రోగ్రాములు థీసిస్ పని మీదే రాయమంటాయి, కొన్ని దానితో సంబంధం లేని అంశం ఎంచుకోమంటాయి. హ్యాండ్‌బుక్‌లో ఇదంతా ఉంటుంది. సీనియర్ చెప్పింది విని ఊరుకోకుండా ఆ నాలుగు పేజీలూ మీ కళ్ళతో చదవండి, ఎందుకంటే రూల్స్ ఏటా మారుతుంటాయి.

పాసైన రోజు నుంచి మీరు పీహెచ్‌డీ స్టూడెంట్ కాదు, పీహెచ్‌డీ క్యాండిడేట్. ఇక మిగిలింది థీసిస్.

2. మీకు వచ్చింది అయిపోయిన చోట అసలు పరీక్ష మొదలవుతుంది.

ప్రశ్నలు ఎలా సాగుతాయో చెబుతాను. గ్లూకోజ్ కండరం కణంలోకి ఎలా వెళ్తుంది? గ్లట్4 అనే ట్రాన్స్‌పోర్టర్ ద్వారా. అది ఎప్పుడూ పొర మీదే ఉంటుందా? లేదు, ఇన్సులిన్ వచ్చాక లోపల్నుంచి పొరకి చేరుతుంది. చేరిందని ఎలా తెలిసింది, ఏ ప్రయోగంతో చూపించారు? సరే, ఇప్పుడు నీ దగ్గర ఆ యాంటీబాడీ లేదనుకో, నువ్వైతే ఎలా చూపిస్తావు? మొదటి రెండు ప్రశ్నలకీ పుస్తకం చాలు. మూడోదానికి పేపర్లు చదివి ఉండాలి. నాలుగోదానికి జవాబు ఎక్కడా రాసి ఉండదు. ప్రతి విద్యార్థినీ ఆ నాలుగో ప్రశ్న దాకా తీసుకెళ్ళడమే కమిటీ పని. అక్కడికి చేరాక ఎలా ఆలోచిస్తారో చూడటానికే ఆ రెండు గంటలూ.

మన పిల్లలు మొదటి మూడు మెట్లూ గబగబా ఎక్కేస్తారు. నాలుగోదాని దగ్గర నోరు పడిపోతుంది. అమలాపురం దగ్గర్నుంచి వచ్చిన ఒక అమ్మాయికి మాక్ పెట్టినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. మార్కర్ చేతిలో పట్టుకుని బోర్డు వైపు తిరిగి అలాగే నిలబడిపోయింది.

"ఏమ్మా, ఏం ఆలోచిస్తున్నావు?"

"గుర్తు రావట్లేదండి, మాస్టారూ."

"ఇందులో గుర్తు తెచ్చుకోవాల్సిందేం లేదమ్మా. తెలియదని చెప్పు."

"తెలియదంటే ఫెయిల్ చేసేస్తారేమోనండి."

"తెలియదని ఊరుకుంటే చేస్తారు. తెలియదుగానీ ఇలా కనుక్కుంటానండీ అంటే ఎందుకు చేస్తారు?"

తప్పు ఆ అమ్మాయిది కాదు. పొద్దున్న స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా బిట్లు పెట్టించే చదువులో, తెలియని ప్రశ్న అంటే వదిలేసి ముందుకెళ్ళాల్సిన ప్రశ్న. ఆ అలవాటు మీద పదేళ్ళు పెరిగినవాళ్ళు ఒక్కరోజులో మారరు. అందుకే ఈ పరీక్షకి రెండు నెలల ముందు నుంచీ రోజూ గట్టిగా పైకి అనడం అలవాటు చేసుకోమంటాను: "ఇది నాకు తెలియదు. తెలుసుకోవాలంటే ముందు ఫలానాది కొలుస్తాను." మనసులో అనుకుంటే సరిపోదు, నోటితో అనాలి. మొదట్లో నాలుక తిరగదు. వారం గడిచేసరికి అలవాటవుతుంది.

3. లెక్కకి సరిపోని రీడింగుని పారేయకండి.

ఈ మాటకి సాక్షి మన భీమవరంలోనే పుట్టారు. 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు రాజమండ్రిలో చదివారు, మెట్రిక్ మూడో ప్రయత్నంలో గానీ దాటలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చి, ఎంబీబీఎస్ రావాల్సిన చోట అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చిందని ఆయన జీవితకథ రాసినవాళ్ళు చెబుతారు. ఆ తర్వాత బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేసి 1930లో పీహెచ్‌డీ తీసుకున్నారు.

ఆ ఇద్దరూ 1925లో ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి ప్రచురించారు. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, దాన్ని క్షయకరణం చేసే మందు వేస్తే నీలి రంగు వస్తుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉంటే అంత ఫాస్ఫేట్ ఉన్నట్టు. ఫిస్క్-సుబ్బారావ్ మెథడ్ అని ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో చేసినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. రికార్డులో ప్రొసీజర్ రాసేసి ఊరుకుంటాం. కథంతా ఆ తర్వాత ఉంది. కండరం నుంచి తీసిన రసానికి అదే పద్ధతి వాడితే, నిలకడగా తేలాల్సిన రంగు అలా తేలలేదు. నిమిషాలు గడిచేకొద్దీ మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది. ఇంకొకరైతే రియేజెంట్ పాడైందనుకుని కొత్తది కలిపేవారు, లేదా ఫలానా నిమిషం దగ్గర రీడింగు తీసుకుని ఊరుకునేవారు. వీళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. మామూలు ఫాస్ఫేటే అయితే రంగు వెంటనే రావాలి. రావడం లేదంటే అది దేనికో అంటుకుని ఉండి, ఆ ఆమ్లంలో, మాలిబ్డేట్ సమక్షంలో కొంచెం కొంచెంగా విడిపోతోందన్నమాట. దేనికి అంటుకుని ఉంది? క్రియాటిన్‌కి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అలా బయటపడింది. అదే ఏడాది ఇంగ్లండులో ఎగుల్‌టన్ దంపతులు కూడా వేరే దారిలో దాని జాడ పట్టారు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని నోబెల్ బహుమతి పొందినవాళ్ళే నమ్ముతున్న రోజులవి. ఆ నమ్మకం కదలడం ఇక్కణ్ణుంచే మొదలైంది. 1929లో కణానికి శక్తినిచ్చే ఏటీపీని జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో ఫిస్క్, సుబ్బారావులు విడివిడిగా గుర్తించారు.

క్వాల్స్‌లో నేను అడుగుతూ వచ్చిన మొదటి ప్రశ్న ఇక్కణ్ణుంచే వచ్చింది. మీ ప్రిలిమినరీ డేటాలో మీకు అర్థం కాని పాయింటు ఏది, దానికి మీరు ఏం చేశారు? ఎర్రర్ బార్ వెనక దాచేసిన పాయింటు గురించి ధైర్యంగా మాట్లాడిన విద్యార్థి మీద కమిటీకి వెంటనే గురి కుదురుతుంది. అలా మాట్లాడినవాళ్ళెవరూ ఫెయిలవగా నేను చూడలేదు.

4. రెండో ఎయిమ్ మొదటిదాని మీద ఆధారపడకూడదు.

శివారు చేను ఉన్న రైతుకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. పైన లాకు దగ్గర నీళ్ళు ఆగితే కింద ఎంత బాగా దమ్ము చేసుకున్నా నాట్లు పడవు. ప్రపోజల్‌లో "మొదటి ఎయిమ్‌లో ఫలానా ప్రోటీను దొరికాక, రెండో ఎయిమ్‌లో దాన్ని తీసేసిన చుంచెలుకల్ని తయారుచేస్తాం" అని రాస్తే వైవాలో మొదటి పది నిమిషాల్లోనే అడుగుతారు: ఆ ప్రోటీను దొరక్కపోతే? ఒక ప్రశ్నని రెండు వేర్వేరు వైపుల నుంచి తవ్వే ఎయిమ్స్ రాయండి. ఒకటి కూలినా రెండోది థీసిస్‌ని నిలబెట్టాలి.

5. మీరు తప్పైతే గ్రాఫు ఎలా ఉంటుందో గీసి చూపించగలగాలి.

ఇది అన్నిటికంటే ముఖ్యమైనది, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. ఆ అమలాపురం అమ్మాయి ప్రపోజల్ బోదకాలు మందు మీద. కోనసీమలో పుట్టిన పిల్లకి ఆ అంశం మీద మనసు పోవడంలో వింత లేదు. రాత్రిపూట ఇంటికొచ్చి వేలు పొడిచి రక్తపు చుక్క తీసుకెళ్ళడం, ఊళ్ళో డీఈసీ మాత్రలు దగ్గరుండి మింగించడం మన డెల్టాలో పెద్దవాళ్ళందరికీ తెలిసిందే. డీఈసీ, అంటే డైఇథైల్‌కార్బమజీన్, 1947లో హెట్రజాన్ పేరుతో వచ్చింది. అప్పటికి సుబ్బారావు గారు లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనకి పెద్ద. మందు వచ్చింది ఆయన బృందం నుంచే.

ఈ మందులో ఒక చిక్కు ఉంది. రోగి ఒంట్లోకి వెళ్తే రక్తంలోని మైక్రోఫైలేరియాలు, అంటే బోదకాలు పురుగు పిల్లలు, చాలా త్వరగా తగ్గిపోతాయి. అవే పురుగుల్ని గాజు పళ్ళెంలో పెట్టి అదే మోతాదు వేస్తే వాటికి పెద్దగా ఏమీ కాదు. అంటే చంపే పనిలో మన ఒంటికీ చెయ్యి ఉంది. ఆ చెయ్యి ఏమిటన్నదే ఆ అమ్మాయి ప్రశ్న. నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఐనాస్ అనే ఎంజైము లేని చుంచెలుకల్లో డీఈసీ పనిచేయలేదని 2005లో ఒక పేపరు వచ్చింది. ఆ దారిలో ముందుకెళ్తానంది. మంచి ఆలోచన.

బోర్డు మీద గ్రాఫు గీయమన్నాను. అడ్డం గీత మీద గంటలు, నిలువు గీత మీద రక్తంలో పురుగుల సంఖ్య. మందిచ్చిన చుంచెలుకల్లో కిందికి దిగిపోయే గీత ఒకటి గీసింది. మందివ్వనివాటి గీత ఏదీ అన్నాను. గీసింది. ఐనాస్ లేనివాటికి మందిస్తే? అదీ గీసింది, దాదాపు అడ్డంగా. ఐనాస్ లేనివాటికి మందివ్వకపోతే? అక్కడ ఆగింది. ఆ నాలుగో గీత లేకపోతే, ఆ ఎలుకల్లో పురుగులు మందుతో నిమిత్తం లేకుండా వేరే కారణానికి ఎక్కువ కాలం బతుకుతున్నాయేమో చెప్పలేం. నాలుగో గీత కూడా గీశాక అసలు ప్రశ్న వేశాను: "నీ ఊహ తప్పనుకో. ఈ నాలుగు గీతల్లో ఏది ఎక్కడికి మారుతుంది?" చాలాసేపు ఆలోచించి, ఎర్ర మార్కర్‌తో మూడో గీతని కిందికి దింపి గీసింది. అప్పటికి ఆమె ప్రయోగానికి ఒక రూపం వచ్చింది.

ఇంకో ప్రశ్న కూడా ఉంది, అది మన ఊరి పిల్లలు తప్పకుండా ఎదుర్కోవాల్సినది. మన దగ్గర బోదకాలు తెచ్చేది ఉచరేరియా బాంక్రాఫ్టీ. అది చుంచెలుకల్లో ఎదగదు. అందుకని ల్యాబుల్లో దాని దాయాది బ్రూగియా మలయిని వాడతారు. ఆ పురుగులో చూసింది మన పురుగుకి ఎంతవరకు వర్తిస్తుందని అడిగితే, "వర్తిస్తుందండి" అని దబాయిస్తే చాలదు. ఎక్కడిదాకా వర్తిస్తుందో, ఎక్కడ రోగుల రక్తంలోనే చూడాల్సి వస్తుందో విడదీసి చెప్పాలి.

ఊహ తప్పడం నష్టం కాదని కూడా తెలుసుకోండి. ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన పదార్థాలు ఇస్తే లుకేమియా తగ్గడం పోయి ముదురుతున్నట్టు బోస్టన్‌లో పిల్లల వైద్య పరిశోధకుడు సిడ్నీ ఫార్బర్‌కి కనిపించింది. అలాగైతే ఆ విటమిన్‌ని అడ్డుకునేది ఇచ్చి చూద్దామనుకున్నాడు. లెడర్లీలో సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అలా పిల్లలకి ఇచ్చారు. 1948లో వచ్చిన ఆ పేపరులో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే, ఇవాళ మన ఊళ్ళో కీళ్ళవాతానికి రాస్తున్న మాత్ర.

6. ఒకే ప్లేటులోని మూడు గుంటలు మూడు ప్రయోగాలు కావు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు జంతువుల నుంచి తీసిన కణాలతో చేస్తేనే మూడు. ఎన్ని ఎలుకలు కావాలో, ఆ సంఖ్య ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేకపోతే లెక్కల ప్రొఫెసర్ మిమ్మల్ని వదలడు. 2016 నుంచి ఎన్‌ఐహెచ్ ఆడ, మగ జంతువుల తేడాని కూడా లెక్కలోకి తీసుకోమంటోంది, అదీ చూసుకోండి.

7. ఇంగ్లీషు గురించి బెంగ పెట్టుకోకండి. కమిటీలో కూడా కొంతమందికి ఇంగ్లీషు పుట్టుభాష కాకపోవచ్చు. తెలుగులో ఆలోచించుకుని నిదానంగా చెప్పండి. ప్రశ్న అర్థం కాకపోతే "మీరు అడుగుతున్నది ఇదేనా" అని మీ మాటల్లో తిరిగి చెప్పి, ఔనన్నాక మొదలుపెట్టండి. మన యాసలో వేగం ఎక్కువ, భయపడితే ఇంకా పెరుగుతుంది. ప్రతి వాక్యం తర్వాత ఊపిరి తీసుకోండి.

8. ఇక్కడే చేస్తున్నవాళ్ళు కూడా ఇదంతా తమది కాదనుకోవద్దు.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీలో కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్ ఉంది, అందులో 55 శాతం రావాలి. రిసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రతి సెమిస్టర్‌కీ పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. జేఆర్‌ఎఫ్ ఉన్నవాళ్ళకి రెండేళ్ళ తర్వాత కమిటీ చూసి సరేనంటేనే ఎస్‌ఆర్‌ఎఫ్ అవుతుంది. 2023లో పెంచాక నెలకి 37,000 రూపాయల ఫెలోషిప్ అక్కణ్ణుంచి 42,000 అవుతోంది. బెంగళూరు ఐఐఎస్‌సీలోనూ, హైదరాబాదు సీసీఎంబీ లాంటి సంస్థల్లోనూ కాంప్రహెన్సివ్ గట్టిగానే ఉంటుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో మాత్రం ఈ సమావేశాలు టీ తాగి సంతకాలు పెట్టేంతవరకే సాగుతున్నాయి. అది నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే నష్టపోయేది విద్యార్థి. ఐదేళ్ళు కష్టపడి థీసిస్ పట్టుకెళ్తే, మొదటి ఏడాదిలోనే ఎవరైనా అడగాల్సిన ప్రశ్నని బయటి పరీక్షకుడు ఆఖరి వైవాలో అడుగుతాడు. మీ కమిటీ అడగకపోతే మీరే అడిగించుకోండి. స్లైడ్లు పక్కన పెట్టి పది నిమిషాలు బోర్డు మీద చెబుతానండీ అని కోరండి. కాదనేవాళ్ళు తక్కువ. రాజమండ్రి నన్నయ యూనివర్సిటీలోనో, కాకినాడ జేఎన్‌టీయూలోనో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలోనో చేస్తున్న పిల్లలు నలుగురు కలిసి నెలకోసారి ఒకరికొకరు ఈ పరీక్ష పెట్టుకోవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

9. ఒక్కసారి తప్పితే అంతా అయిపోయినట్టు కాదు.

ఫలితాలు సాధారణంగా నాలుగు రకాలు. పాస్. షరతులతో పాస్, అంటే ఫలానా భాగం తిరిగి రాయాలనో, ఫలానా కోర్సు చేయాలనో అంటారు. మళ్ళీ రమ్మనడం. ఆఖరిది ఫెయిల్. నేను కూర్చున్న కమిటీల్లో రెండోదీ మూడోదీ తరచూ చూశాను. షరతుతో పాసైన పిల్లలు అవమానమనుకుని స్నేహితులతో చెప్పరు. చెప్పండి. సగంమంది మీలాగే ఉన్నారని అప్పుడు తెలుస్తుంది. రెండోసారీ కాకపోతే చాలా ప్రోగ్రాములు మాస్టర్స్ డిగ్రీ ఇచ్చి పంపుతాయి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళకి ఇక్కడ ఆలస్యం ప్రమాదం. ప్రోగ్రాములో మీ పేరు తీసేయకముందే ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్ళి మాట్లాడాలి. సిగ్గుపడి రెండు వారాలు గదిలో కూర్చుంటే తర్వాత చేయగలిగింది తక్కువ.

10. తల్లిదండ్రులకి ఒక మాట.

మన వైపు చాలామంది అమెరికా చదువంటే ఎమ్మెస్ లెక్కలే వేసుకుంటారు. పొలం తాకట్టు, బ్యాంకు లోను, రెండేళ్ళకి ఉద్యోగం. బయోమెడికల్ పీహెచ్‌డీ అలా కాదు. ఎక్కువచోట్ల ఫీజు వాళ్ళే కడతారు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు, ఐదారేళ్ళు పడుతుంది. ఆ మధ్యలో ఈ పరీక్ష. ఇది జరిగే మూడు నాలుగు నెలలు పిల్లలు ఫోను ఎత్తకపోతే అలిగారనుకోకండి. "పరీక్ష ఎలా అయింది, ఎన్ని మార్కులు" అని అడక్కండి, ఇందులో మార్కులు లేవు. పెళ్ళి సంబంధాల మాట ఆ నెలల్లో వాయిదా వేయండి. "ఏం ప్రశ్న మీద పనిచేస్తున్నావమ్మా, నాకు తెలుగులో చెప్పు" అని అడగండి. ప్రపోజల్‌ని నాన్నకి తెలుగులో అర్థమయ్యేలా చెప్పగలిగిన పిల్ల కమిటీకి ఇంగ్లీషులో చెప్పడానికి తడబడదు. ఇది నేను చాలామంది విషయంలో కళ్ళారా చూశాను.

11. పాసైన సాయంత్రం చేయాల్సిన పని ఒకటుంది.

స్నేహితులతో బయటికి వెళ్ళేముందు ఒక గంట కూర్చోండి. గదిలో మిమ్మల్ని అడిగిన ప్రతి ప్రశ్నా, అది ఎవరడిగారో, మీరు ఎక్కడ ఆగిపోయారో కాగితం మీద పెట్టండి. రాత్రి పడుకుని లేస్తే సగం మర్చిపోతారు. మీరు ఆగిపోయిన చోట్లు మీ థీసిస్‌లో మొదటి ఏడాది పనికి జాబితా అవుతాయి. కమిటీతో తర్వాతి సమావేశానికి ఆ కాగితమే పట్టుకెళ్ళి, వీటిలో ఫలానావి తేల్చాను, ఫలానావి మిగిలాయి అని చెప్పండి. దాని నకలు ఒకటి తీసి, వచ్చే ఏడాది అదే గదిలోకి వెళ్ళబోయే జూనియర్‌కి ఇవ్వండి.